జీడిపిక్కలు కొట్టే చేతులకి ఏ థంబ్ మిషన్ పడుతుంది?

పలాస_పిక్క | సోమవారం, ఉదయం 9:40

అందరికీ నమస్తే. మాది పలాస. నాన్నగారిది చిన్న జీడిపప్పు ఫ్యాక్టరీ. మొత్తం 84 మంది పనిచేస్తారు, అందులో డెబ్భై మందికి పైగా ఆడవాళ్లే. ఇన్నేళ్లూ హాజరంతా నోట్‌బుక్కులోనే. పొద్దున్న మేస్త్రీ పేరు పిలుస్తాడు, పలికితే టిక్కు. ఈమధ్య రెండుసార్లు గొడవైంది. ఒకసారి రాని మనిషికి టిక్కు పడింది, ఇంకోసారి రోజంతా పనిచేసిన మనిషికి పడలేదు. నెలాఖరుకి పీఎఫ్ లెక్క వేసేది నేనే, రోజులు కలవక తల పట్టుకుంటున్నాను.

ఆన్‌లైన్‌లో చూస్తే మంత్రా ఎంఎఫ్‌ఎస్110 మూడు వేల లోపు కనబడుతోంది. ఈఎస్‌ఎస్‌ఎల్ వాళ్ల గోడ మిషన్లు ఏడెనిమిది వేలు అంటున్నారు. రెండూ చదివేది వేలిముద్రే కదా, అంత తేడా దేనికి? చవకది కొని ఆఫీసు కంప్యూటర్‌కి తగిలిస్తే చాలదా? ఎవరైనా వాడినవాళ్లు చెప్పండి.


బెజవాడ_సర్వీస్ | సోమవారం, ఉదయం 10:25

ఆగండి బ్రదర్, ఆర్డర్ పెట్టకండి. నెలకి ఇద్దరు ముగ్గురైనా ఇదే పొరపాటు చేసి నా దగ్గరికి వస్తారు. పదమూడేళ్లుగా ఈ మిషన్లే బిగిస్తున్నాను.

మీరు చూసిన చిన్న యూఎస్‌బీ డబ్బా ఆధార్ పనికోసం చేసింది. మీసేవ, రేషన్, బ్యాంకు మిత్ర, సిమ్ కార్డుల షాపుల్లో ఉండేది అదే. మార్ఫో, స్టార్‌టెక్ వాళ్లవీ అదే జాతి. దాంట్లో వేలు పెడితే లోపలే ముద్రని తాళం వేసి పంపుతుంది. ఆ తాళంచెవి ఆధార్ నడిపే ఉడాయ్ సంస్థ దగ్గరే ఉంటుంది. ఈ డబ్బాల పేరు పక్కన ఎల్1 అని ఉంటుంది, దానర్థం అదే, తాళం వేయడం పరికరం లోపలే జరుగుతుంది. పాత ఎల్0 వాటిలో కంప్యూటర్‌లో ఉండే సాఫ్ట్‌వేర్ వేసేది, అందుకే వాటిని ఆపేస్తూ వచ్చారు. కాబట్టి ఆర్‌డీ సర్వీస్ (ఈ డబ్బాని ఆధార్ పనికి నడిపే సాఫ్ట్‌వేర్) నుంచి బయటికొచ్చిన ముద్రని మీ కంప్యూటర్ చదవలేదు, ఇంకో ముద్రతో పోల్చలేదు. ఉడాయ్ లైసెన్సున్న సంస్థ ద్వారా పంపితేనే అవును, కాదు అని జవాబు వస్తుంది. మీ ఫ్యాక్టరీకి దాంతో పనిలేదు. పైగా ఆ ఆర్‌డీ సర్వీస్‌కి గడువు ఉంటుంది, తీరాక రీచార్జి చేయించాలి.

మీక్కావలసింది గోడకి బిగించే అటెండెన్స్ మిషన్. అందులో స్క్రీన్, గడియారం, మెమరీ అన్నీ ఉంటాయి. ముద్రల నమూనాలు (టెంప్లేట్లు) దాంట్లోనే దాస్తుంది. కంప్యూటర్ ఆపేసి ఉన్నా, నెట్ లేకపోయినా పంచ్‌లు నమోదవుతూనే ఉంటాయి. నెలాఖరుకి పెన్‌డ్రైవ్ పెట్టి దించుకోవచ్చు, లేదా లాన్ (ఆఫీసు నెట్‌వర్క్) వైరు లాగితే సాఫ్ట్‌వేరే లాక్కుంటుంది. 84 మందికి మార్కెట్లో దొరికే అన్నిటికంటే చిన్న మోడల్ కూడా ఎక్కువే.

ఒక్కటి అడుగుతాను. మీ వాళ్ల చేతులు చూశారా? నేను కాశీబుగ్గలో ఒక చోట బిగించి, నాలుగు రోజుల్లో విప్పుకొచ్చాను.


పలాస_పిక్క | సోమవారం, ఉదయం 11:05

అన్నా, అదే నా భయం కూడా. బయటి ఊళ్లవాళ్లకి తెలియదేమో గానీ, పిక్క తొక్కలో ఉండే జీడి నూనె చేతికి తగిలితే కాలుతుంది. కటింగ్ సెక్షన్ వాళ్ల వేలి చివర్లు నల్లబడి, పొరలు పొరలుగా లేచి ఉంటాయి. పని మొదలెట్టే ముందు ఆముదమో, బూడిదో రాసుకుంటారు. గ్లౌజులు ఇస్తే ఒక గంట వేసుకుని తీసేస్తారు, పిక్క జారిపోతుందంటారు. పొట్టు తీసేవాళ్లవి, గ్రేడింగ్ వాళ్లవి కాస్త నయం.


గోదారోడు | సోమవారం, మధ్యాహ్నం 12:30

మాది రైస్ మిల్లు. మా మిషన్‌కి ఊక దుమ్ము పట్టి, మా గుమస్తా వేలు పెడితే డ్రైవర్ పేరు వచ్చేది. ఆ నెల డ్రైవర్‌కి రెండు జీతాలు రావాల్సింది, పాపం మేం చూసేశాం.

అసలు నాకో డౌటు. జీడిపప్పులో కిలోల లెక్కన కూలి కదా? తూకం వేశాక ఎవరెంత చేశారో తెలిసిపోతుంది. మళ్లీ థంబ్ దేనికి బాబూ?


పలాస_పిక్క | సోమవారం, మధ్యాహ్నం 1:10

మంచి ప్రశ్నే. పొట్టు తీసేవాళ్లకి కిలో లెక్కే. బాయిలర్, కటింగ్, డ్రయ్యర్, గ్రేడింగ్ వాళ్లకి మా దగ్గర రోజుకూలి. కానీ పీఎఫ్‌కి ఎవరు ఎన్ని రోజులు రాలేదో అందరికీ చూపించాలి, కిలోలు చూపిస్తే కుదరదు. దసరా బోనసు కూడా నాన్నగారు రోజుల లెక్కనే ఇస్తారు. గొడవలన్నీ అక్కడే.


సచివాలయం_డిజిటల్ | సోమవారం, సాయంత్రం 6:45

నేను గ్రామ సచివాలయంలో డిజిటల్ అసిస్టెంట్‌ని. ఒకటో తారీఖు వస్తే పెన్షన్లతో ఇంటింటికీ తిరిగేవాళ్లం మేమే కాబట్టి వేళ్ల గురించి కాస్త చెప్పగలను.

బొటనవేలు పడకపోతే వెంటనే మళ్లీ బొటనవేలే పెట్టించకండి. ఉంగరం వేలు, చిటికెన వేలు పెట్టించండి. పనిలో అవి తక్కువ అరుగుతాయి. పొలం పని, ఇంటి పని చేసిన అవ్వల్లో పది మందిలో ఆరేడుగురికి నాకు ఉంగరం వేలే పనిచేస్తుంది. వేలు పొడిబారితే నుదుటికో, చెవి వెనకో ఒకసారి రాయించి పెట్టించండి. ఆ కాస్త జిడ్డు చాలు. తడి ఎక్కువైతే పొడిగుడ్డతో తుడిపించండి. చలికాలం పొద్దున్న ఆరింటికి పడని వేలు, పదింటికి టీ గ్లాసు పట్టుకున్నాక పడుతుంది. ఇది నేను కళ్లారా చూసిందే.

ఇంకోటి. గట్టిగా నొక్కితే పడుతుందని అందరూ అనుకుంటారు. నొక్కితే గీతలు ఒకదానిమీదొకటి చదునై కలిసిపోతాయి. "అమ్మా, వేలు ఊరికే ఆనించు, నొక్కకు" అని చెప్పి చెప్పి నా నోరు నొప్పెడుతుంది.


డాలస్_దోసకాయ | సోమవారం, రాత్రి 9:15

సాఫ్ట్‌వేర్ వైపు నుంచి నాలుగు ముక్కలు. ఒకప్పుడు ఈ మ్యాచింగ్ కోడ్ మీదే పనిచేశాను.

మామూలు ఆప్టికల్ మిషన్‌లో గాజు కింద లైటు, చిన్న కెమెరా ఉంటాయి. వేలి గీత గాజుకి ఆనిన చోట వెలుతురు తిరిగి రాదు, అక్కడ నల్లగా కనిపిస్తుంది. గీతల మధ్య సందులో గాలి ఉంటుంది కాబట్టి అక్కడ వెలుతురు పూర్తిగా వెనక్కొస్తుంది, తెల్లగా ఉంటుంది. అంటే మిషన్ చూసేది వేలిని కాదు, వేలు గాజుకి ఎక్కడెక్కడ అంటుకుందో దాన్ని. పొర లేచిన చర్మం అంటుకోదు. తడి చర్మం అంతటా అంటుకుంటుంది. మీ కష్టమంతా ఇక్కడే.

ఆ బొమ్మలో గీతలు ఎక్కడ ఆగిపోయాయి, ఎక్కడ రెండుగా చీలాయి అన్న చుక్కల్ని ఏరి, వాటి స్థానాలు, కోణాలు మాత్రం దాస్తుంది. అదే టెంప్లేట్. అరిగిన వేలికి చుక్కలు తక్కువ దొరుకుతాయి. పొర లేచిన చోట లేని చుక్కలు కూడా దొరుకుతాయి, అది ఇంకా ప్రమాదం.

ఇప్పుడు అసలు విషయం. వేలు మాత్రం పెట్టి గుర్తుపట్టమంటే మిషన్ అందరి ముద్రలతోనూ పోల్చాలి. 84 మందికి తలా మూడు వేళ్లు అంటే 252 పోలికలు. అదే ముందు మనిషి నంబరు నొక్కి తర్వాత వేలు పెడితే, ఆ ఒక్క మనిషి ముద్రలతోనే పోలిక. అప్పుడు మ్యాచింగ్ పట్టు, అంటే ముద్ర ఎంతవరకు కలిస్తే ఒప్పుకోవాలన్న అంకె, కాస్త సడలించినా వేరేవాళ్ల పేరు వచ్చే భయం తక్కువ. గోదారోడు గారి డ్రైవర్ కథ మొదటి రకంలో పట్టు బాగా తగ్గించేసినప్పుడు జరిగేదే. ఎవరో మెకానిక్ "థంబ్ పడట్లేదు" అన్న కంప్లయింటుకి మెనూలోకెళ్లి ఆ అంకె తగ్గించి చేతులు దులుపుకుని ఉంటాడు.


బెజవాడ_సర్వీస్ | సోమవారం, రాత్రి 9:50

దోసకాయ గారూ, ఆ మెకానిక్ నేను కాదని మనవి :)

కానీ నిజమే, అలా తగ్గించే వాళ్లున్నారు. కస్టమర్ ఎదురుగా నిలబడి అరుస్తుంటే తొందరగా అయ్యే పని అదొక్కటే.


కోరుట్ల_బిడ్డ | మంగళవారం, ఉదయం 7:20

మా అమ్మ ముప్పై ఏండ్లు బీడీలు చేసింది. ఆకు కత్తిరించుడు, చుట్టుడు, దారం కట్టుడు అంతా వేళ్ల కొసలతోనే. బీడీ పెన్షన్ కోసం పోతే థంబ్ పడలే. మూడు రోజులు తిరిగినం. సెంటర్ల ఉన్న పిల్లగాడు ప్రతిసారి "సరిగ్గ పెట్టమ్మా, సరిగ్గ పెట్టు" అని గదిరించుడు, అమ్మ వేలు చీరెకు తుడుసుకొని మళ్ల పెట్టుడు. వెనక లైన్ల ఉన్నోళ్లు గునుసుడు. ఆఖరికి ఇంకో సెంటర్ల కంటి మిషన్ ఉంటే దాంట్ల చూపిస్తే ఒక్క నిమిషంల అయింది.

అన్నా, నీకు ఒక్కటే చెప్త. మిషన్ పడకపోతే ఆ ఆడోళ్లను లైన్ల నిలబెట్టి పదిసార్లు పెట్టియ్యకు. పడనోళ్లకు వేరే తొవ్వ ముందే పెట్టు. మొదటి రోజే పెట్టు, గొడవైనంక కాదు.


స్కిన్_పీజీ | మంగళవారం, ఉదయం 8:05

కోరుట్ల అక్కా, నమస్తే. మా ఓపీకి కూడా "డాక్టర్‌గారూ, వేలిముద్ర రప్పించండి" అని వచ్చేవాళ్లున్నారు.

పలాస గారికి పనికొచ్చే మాట చెప్తాను. వేలిగీతలు తల్లి కడుపులో ఉండగానే ఏర్పడతాయి, వాటి మూసంతా చర్మం లోపలి పొరల్లో ఉంటుంది. పైపొర కాలినా ఊడినా ఇంచుమించు నెల రోజుల్లో కొత్తది వస్తుంది, అవే గీతలతో వస్తుంది. లోతుగా కాలి మచ్చ పడితేనే శాశ్వతంగా పోతాయి. మీ వాళ్ల కష్టం ఏమిటంటే ఆ నెల రోజుల విరామం దొరకదు, కొత్త పొర రాకముందే మళ్లీ జీడి తగులుతుంది. జీడి నూనెలో ఉండే ఆమ్లం, కార్డాల్ అనే పదార్థం చర్మాన్ని పొక్కిస్తాయి. మామిడి సొనకి మూతి పొక్కేది కూడా ఇంచుమించు ఇందుకే, రెండు చెట్లూ ఒకే కుటుంబం. నల్లజీడి కూడా వీటి చుట్టమే. వెనకటికి చాకిరేవులో దుప్పట్లకీ పంచెలకీ చెరగని గుర్తు పెట్టింది దాని రసంతోనే. బట్ట మీద గుర్తు పెట్టే జాతి వేలి మీది గుర్తు చెరిపేస్తోంది, చూడండి.

ఇంకొకటి, క్యాన్సర్‌కి కేపసిటబిన్ మాత్రలు వాడేవాళ్లలో కొందరికి అరచేతులు ఎర్రబడి, పొరలూడి, ముద్రలు కనబడకుండా పోతాయి. అలాంటివాళ్లు మీ దగ్గర ఉంటే థంబ్ కోసం ఇబ్బంది పెట్టకండి.

గ్లౌజుల సంగతి మళ్లీ చూడండి. మందపాటివి కాకుండా వేళ్లకి అతుక్కునే నైట్రైల్‌వి ఇచ్చి చూడండి. హాజరు కోసం కాదు, చేతుల కోసం.


లెక్చరర్_మాస్టారు | మంగళవారం, మధ్యాహ్నం 2:15

మా కాలేజీలో ఈ మిషన్ ఆరేళ్ల నుంచి ఉంది. ఫీజు రీయింబర్స్‌మెంట్‌కి 75 శాతం హాజరు ముడిపెట్టారు కాబట్టి పిల్లలు ప్రాణం పెట్టి వేలు పెడతారు. వేలు పెట్టి వెనక గోడ దూకుతారు, అది వేరే సంగతి. మిషన్ చెప్పేది గేటు దగ్గరికి వచ్చాడని. క్లాసులో కూర్చున్నాడని కాదు.

ఆషాఢం వస్తే మాకు ప్రత్యేకమైన కష్టం. ఆడపిల్లలంతా గోరింటాకు పెట్టుకుని వస్తారు, వేలి చివర్లు టోపీ పెట్టినట్టు ఎర్రగా ఉంటాయి. మొదటి రెండు రోజులు సగం మందికి మిషన్ మొరాయిస్తుంది. ఇప్పుడు ఏం చేస్తున్నామంటే జూన్‌లో చేర్పించేటప్పుడే చెరో చేతి నుంచి రెండేసి వేళ్లు ఎక్కిస్తున్నాం.

మోసాల మాట కూడా చెప్పాలి. ఒక ఏడాది మా కుర్రాళ్లు ఫెవికాల్‌తో వేలి తొడుగు చేసి స్నేహితుడికి హాజరు వేయించారు. వాళ్లని తిట్టాను గానీ లోలోపల ముచ్చటేసింది, ల్యాబ్‌లో ఆ శ్రద్ధ ఎప్పుడూ చూపించలేదు. 2013లో బ్రెజిల్‌లో ఒక డాక్టరమ్మ తోటి డాక్టర్ల సిలికాన్ వేళ్లు పెట్టుకుని వాళ్లకి హాజరు వేస్తూ దొరికింది. 2002లోనే జపాన్‌లో మత్సుమోతో అనే ప్రొఫెసర్ జెలటిన్ వేళ్లతో అప్పటి స్కానర్లని బోల్తా కొట్టించి చూపించారు. కాబట్టి మిషన్ పెట్టాం, ఇక మేస్త్రీ అక్కర్లేదు అనుకోకండి. మిషన్ దగ్గర ఒక మనిషి నిలబడాల్సిందే.


గోదారోడు | మంగళవారం, మధ్యాహ్నం 2:40

అంటే మనిషిని నమ్మలేక మిషన్ పెట్టి, మిషన్‌ని నమ్మలేక మళ్లీ మనిషిని పెట్టాలా మాస్టారూ?


లెక్చరర్_మాస్టారు | మంగళవారం, మధ్యాహ్నం 2:52

అంతే నాయనా. మేం ఆ మనిషికి జీతం కూడా పెంచాం.


గుంటూరు_లాయర్ | మంగళవారం, రాత్రి 8:30

ఒక్క విషయంలో గట్టిగా చెప్పదలిచాను. హాజరు కోసం ఎవరి ఆధార్ నంబరూ మిషన్‌లో ఎక్కించకండి. ఉద్యోగి నంబరు 1 నుంచి 84 వరకూ మీరే ఇచ్చుకోండి. పీఎఫ్‌కి ఆధార్ వేరుగా ఎలాగూ ఇస్తారు, దాన్ని దీనితో కలపనక్కర్లేదు. 2018 సెప్టెంబరు 26న సుప్రీంకోర్టు ఆధార్ తీర్పులో ప్రైవేటు సంస్థలు తమ అవసరాలకి ఆధార్ వాడుకునే వీలు ఇచ్చిన 57వ సెక్షన్ భాగాన్ని కొట్టేసింది.

ఆ తర్వాత 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది, 2025 నవంబరులో దాని నియమాలు వచ్చాయి. నిబంధనలు దశలవారీగా అమల్లోకి వస్తున్నాయి. మీలాంటి చిన్న యజమాని ఇప్పటినుంచే చేయాల్సినవి ఎక్కువేం కాదు. ఎవరి ముద్ర, దేనికి తీసుకుంటున్నారో తెలుగులో ఒక కాగితం రాసి చదివి వినిపించండి. పని మానేసిన మనిషి ముద్ర మిషన్‌లోంచీ కంప్యూటర్‌లోంచీ తీసేయండి. పాత మిషన్ అమ్మేటప్పుడు, రిపేరుకి ఇచ్చేటప్పుడు మొత్తం తుడిచి ఇవ్వండి. చాలామంది పాత సామాన్లవాడికి ముద్రలతో సహా అమ్మేస్తున్నారు.

ఇది ఊరికే భయపెట్టడం కాదు. 2018లో పెద్దపల్లి జిల్లాలో ఒక సిమ్ కార్డుల వ్యాపారి, ఆన్‌లైన్‌లో దొరికిన భూమి రిజిస్ట్రేషన్ దస్తావేజుల మీది వేలిముద్రల నుంచి రబ్బరు ముద్రలు తయారుచేసి సిమ్‌లు యాక్టివేట్ చేస్తూ పట్టుబడ్డాడు. పాస్‌వర్డ్ పోతే మార్చుకోవచ్చు, వేలు మార్చుకోలేం. మీ వాళ్లకి ఒక పుణ్యం చేయాలనుకుంటే ఆధార్ యాప్‌లో బయోమెట్రిక్ లాక్ ఎలా వేసుకోవాలో చూపించండి. పెన్షన్, రేషన్ రోజున తీసి, మళ్లీ వేసుకోవచ్చు.


సచివాలయం_డిజిటల్ | మంగళవారం, రాత్రి 9:05

లాయర్ గారూ, లాక్ మంచిదే గానీ, లాక్ వేసుకున్న సంగతి మర్చిపోయి ఒకటో తారీఖు మా మీద పడతారు. ఇంట్లో ఫోన్ చూసే పిల్లలు ఉన్నవాళ్లకే చెప్పండి, దండం పెడతాను.


డాలస్_దోసకాయ | మంగళవారం, రాత్రి 10:30

లాయర్ గారి మాటకి తోకగా రెండు. మిషన్ కొన్న రోజే అడ్మిన్ పెట్టండి. చాలా మోడళ్లలో అడ్మిన్ ఎవరూ లేకపోతే మెనూ బటన్ నొక్కిన ప్రతివాడూ లోపలికి వెళ్లిపోగలడు. కొత్త మనిషిని ఎక్కించొచ్చు, టైము మార్చొచ్చు, రికార్డులు చెరపొచ్చు. రెండోది, లాన్‌లో పెడితే కమ్యూనికేషన్ పాస్‌వర్డ్ సున్నాగా వదిలేయకండి. ఈ జాతి మిషన్లు ఎక్కువగా 4370 పోర్ట్ (నెట్‌వర్క్‌లో లోపలికొచ్చే దారి నంబరు) మీద వింటుంటాయి, ఆ సంగతి అందరికీ తెలుసు. ఆఫీసు వైఫై పాస్‌వర్డ్ తెలిసిన కుర్రాడెవడైనా తన ఆలస్యాన్ని సరిదిద్దుకోగలడు.

పలాస గారి కేసుకి నా ఓటు ముఖం గుర్తుపట్టే మిషన్‌కి. మెడికల్ కాలేజీ అధ్యాపకుల హాజరుని కూడా 2025 మే నుంచి జాతీయ వైద్య కమిషన్ ముఖం మీదికే మార్చింది.


బెజవాడ_సర్వీస్ | బుధవారం, ఉదయం 7:40

ముఖం మిషన్ మంచిదే గానీ దానికీ తంటాలున్నాయి సార్. షిఫ్ట్ పొద్దున్న ఆరింటికి, గేటు దగ్గర చీకటి. వెనక సూర్యుడు ఉంటే మొహం నల్లగా పడుతుంది. ఆడవాళ్లు దుమ్ముకి కొంగు ముక్కు మీదికి కట్టుకుని వస్తారు. చవక రకాలు కొన్ని ఫోన్‌లో ఫొటో చూపిస్తే మోసపోయినవి నేనే చూశాను. కొనేముందు మీ ఫోన్‌లో మీ ఫొటో పెట్టి ఒకసారి చూపించండి, దానికి హాజరు వేసేస్తే ఆ డబ్బా వెనక్కిచ్చేయండి.

వేలుకీ మంచి సెన్సర్ ఉంది. మల్టీస్పెక్ట్రల్ అంటారు, రకరకాల రంగుల వెలుతురు వేసి పైపొర కింద ఏముందో కూడా చూస్తుంది. అరిగిన వేలు, తడి వేలు బాగా పడతాయి. కానీ దాని ఖరీదుకి మీరు రెండు బస్తాల జీడిపప్పు గుండ్లు అమ్ముకోవాలి.

నా మాట వినండి. వేలు, ముఖం, కార్డు మూడూ ఉన్న మిషన్ తీసుకోండి, పది పన్నెండు వేలలో వస్తుంది. డబ్బు ఇచ్చేముందు డీలర్‌ని డెమో పీస్ తెమ్మని, మీ కటింగ్ సెక్షన్‌లో అందరికంటే చేతులు పాడైన పది మందితో పెట్టించండి. ఆఫీసులో మీ వేలు పెట్టి చూసుకుంటే లాభం లేదు. కీబోర్డు కొట్టే వేలికి ఏ మిషనైనా "థ్యాంక్యూ" అంటుంది.

పెట్టే చోటు: బాయిలర్ ఆవిరికి దూరంగా, ఎండ నేరుగా పడని వరండా. ఎండ గాజు మీద పడితే ఆప్టికల్ సెన్సర్ గుడ్డిదైపోతుంది. కరెంటు పోతే పనిచేసేలా చిన్న యూపీఎస్. గాజు తుడవడానికి మెత్తటి గుడ్డ, చీర కొంగు కాదు. ఎక్కించే పని సోమవారం పొద్దున్న పనిలోకి దిగకముందు పెట్టుకోండి. ఆదివారం సెలవు దొరికిన వేలు ఆ పూట కాస్త తేరుకుని ఉంటుంది.


పలాస_పిక్క | బుధవారం, ఉదయం 8:20

అన్నా, ఇంత ఓపిగ్గా ఎవరూ చెప్పలేదు. డీలర్‌తో మాట్లాడి డెమో తెప్పిస్తాను. మళ్లీ వచ్చి రాస్తాను.


(ఆరు వారాల తర్వాత)


పలాస_పిక్క | ఆదివారం, సాయంత్రం 5:30

మాటిచ్చాను కాబట్టి జరిగింది రాస్తున్నాను. కొంచెం పొడుగు, క్షమించండి.

మొదట శ్రీకాకుళం నుంచి ఒక డీలర్ వచ్చాడు. డెమో అంటే తన వేలు పెట్టి చూపించి, బిల్లు పుస్తకం తీశాడు. కటింగ్ వాళ్లతో పెట్టిద్దాం అంటే "అందరికీ పడుతుంది సార్, లక్ష మిషన్లు అమ్మాం" అన్నాడు. పంపించేశాను. రెండో ఆయన కుర్రాడు, మిషన్ వదిలేసి నాలుగు రోజులు వాడి చూడమన్నాడు.

సోమవారం పొద్దున్న కటింగ్ నుంచి పది మందిని పిలిచాను. మొదటి ఆమెకి పాతికేళ్ల అనుభవం. కుడి బొటనవేలు పెట్టింది. "ప్లీజ్ ట్రై అగైన్" అంది మిషన్. తుడిచి పెట్టింది, మళ్లీ అదే. చూపుడు వేలు, అదే. ఆమె వేలు నా కళ్ల దగ్గర పెట్టి చూశాను. చిన్నప్పటినుంచీ ఆ చేతుల్ని చూస్తూనే ఉన్నాను గానీ అంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు. బొటనవేలి కొస నున్నగా, నల్లగా, చింతగింజలా మెరుస్తోంది. గీతలన్నవే లేవు. చుట్టూ తెల్లటి పొర లేచి ఉంది. ఎడమ చేతి చిటికెన వేలు పెట్టిస్తే "థ్యాంక్యూ" అంది. అందరూ చప్పట్లు కొట్టారు.

మా దగ్గర ఒక చేత్తో పిక్క పట్టుకుని బ్లేడు కింద పెడతారు, రెండో చెయ్యి లివర్ మీద ఉంటుంది. పిక్క పట్టే చెయ్యి పూర్తిగా పోయింది, లివర్ చెయ్యి ఫర్వాలేదు. సచివాలయం గారు చెప్పిన ఉంగరం వేలు, చిటికెన వేలు చిట్కా, ఈ లివర్ చెయ్యి కలిపితే పది మందిలో ఆరుగురికి పడింది. నలుగురికి ఏ వేలూ పడలేదు. నాలుగో రోజుకి ఆ ఆరుగురిలో ఇద్దరికి మళ్లీ మానేసింది.

కోరుట్ల అక్క మాట గుర్తొచ్చి ఆ రోజే నిర్ణయం తీసుకున్నాను. కటింగ్ సెక్షన్ మొత్తానికి వేలు లేదు. పడేవాళ్లని, పడనివాళ్లని విడదీస్తే ఆ నలుగురూ రోజూ వేరే లైన్లో నిలబడాలి, అది నాకు నచ్చలేదు. 22 మందికీ కార్డులు ఇచ్చాను, కార్డు చూపించాక ముఖం చూస్తుంది. మిగతావాళ్లకి నంబరు, వేలు. కొంగు కట్టుకునే గొడవ రానేవచ్చింది, మిషన్ పక్కన చిన్న అద్దం వేలాడదీశాను. అద్దంలో చూసుకోవడానికి కొంగు వాళ్లే తీస్తున్నారు. ఇది నా బుర్రలో పుట్టింది కాదు, మా గ్రేడింగ్ అమ్మాయి చెప్పింది.

ఆరింటి చీకటికి ఒక ట్యూబ్‌లైటు పెట్టించాను. ఫోన్‌లో ఫొటో పరీక్ష కూడా చేశాం, మోసపోలేదు. మా కటింగ్‌లో ఒకాయనకి కవల తమ్ముడున్నాడు, అన్న కార్డు చూపిస్తే ఆయన ముఖానికి మాత్రం హాజరు వేసేసింది. ఆయన మా దగ్గర పనిచేయడు కాబట్టి ఊరుకున్నాం.

మొదటి నెల లెక్క తీస్తే పీఎఫ్ రోజులు ఒక్క పూటలో అయిపోయాయి. పాత నోట్‌బుక్ కూడా పక్కనే నడిపించాం. రెండూ పోల్చి చూస్తే తేడా పదకొండు రోజులొచ్చింది. అందులో తొమ్మిది నోట్‌బుక్ తప్పు, రెండు మిషన్‌వి. ఒక మధ్యాహ్నం యూపీఎస్ తీసి ఎవరో ఫోన్ చార్జింగ్ పెట్టుకున్నారు, సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. ఆ పూట పంచ్ లేని ఇద్దరికి నోట్‌బుక్ చూసే రాశాను. అందుకే నోట్‌బుక్ ఆపలేదు, మేస్త్రీ ఇప్పటికీ పిలుస్తాడు, పలుకుతున్నారు.

మిషన్‌కి పేరు కూడా పెట్టారు. "ట్రయ్యగేనమ్మ" అంటున్నారు.

స్కిన్ డాక్టర్ గారూ, నైట్రైల్ గ్లౌజులు వంద జతల డబ్బా తెచ్చాను. పిక్క పట్టే చేతికి ఒక్కటే వేసుకుంటున్నారు, రెండోది దాచుకుని మర్నాడు వాడుతున్నారు. కాబట్టి డబ్బా రెట్టింపు రోజులొస్తోంది.


స్కిన్_పీజీ | ఆదివారం, సాయంత్రం 6:10

ఒక్క చేతికైనా చాలు. నెల దాటాక ఆ పాతికేళ్ల అనుభవం ఆమె బొటనవేలు ఒకసారి పెట్టించి చూడండి. కొత్త పొర వచ్చిందో లేదో మీ మిషనే చెప్తుంది.


బెజవాడ_సర్వీస్ | ఆదివారం, సాయంత్రం 7:00

శభాష్ బ్రదర్. అద్దం ఐడియా నేను వాడుకుంటాను, మీ గ్రేడింగ్ అమ్మాయికి చెప్పండి. పనివాళ్లు మానేస్తే తీసేయడం, వారానికోసారి గడియారం సరిచూసుకోవడం మర్చిపోకండి. ఇంతకీ అడ్మిన్ పెట్టారా?


పలాస_పిక్క | ఆదివారం, సాయంత్రం 7:25

పెట్టాను అన్నా, ఇద్దరం. ఒకటి నా వేలు. రెండోది నాన్నగారిది పెడదామని చూస్తే పది వేళ్లలో ఒక్కటీ పడలేదు. ఫ్యాక్టరీ పెట్టకముందు ఆయన కూడా పదిహేనేళ్లు పిక్కలు కొట్టారు. ఆ రోజు వరకూ మాకెవరికీ అది తట్టలేదు. ఆయనకి పాస్‌వర్డ్ ఇచ్చాను. దాన్ని హాజరు నోట్‌బుక్ అట్ట వెనక పెద్ద అక్షరాలతో రాసిపెట్టుకున్నారు.


డాలస్_దోసకాయ | ఆదివారం, రాత్రి 9:40

ఆ అట్ట ముందు చించేయండి బాబూ.